నలభై దాటితే జ్వరమే

నదుల హెచ్చరికల కేంద్రంలో ఉన్న ఎనిమిది గ్రాఫిక్స్ కార్డులూ ఇకమీదట నలభై డిగ్రీలు దాటి వేడెక్కరాదనీ, ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదనీ, కార్డులు కూడా ప్రభుత్వానికి సహకరించాలనీ సాంకేతిక శాఖ మంత్రిగారు బుధవారం పొద్దున పదకొండు గంటలకు ప్రకటించారు.

పదకొండూ అయిదుకు ఆ ప్రకటన కేంద్రానికి చేరింది. పదకొండూ పదికి డైరెక్టరుగారు చల్లమ్మను పిలిపించారు.

చల్లమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. పదిహేనేళ్ళుగా ఆ కేంద్రంలో మెషీన్ల గది ఆమె చేతిలోనే ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి, కార్డులున్న పెట్టెల ముందు నిలబడి "ఏమ్మా, చల్లగా ఉన్నారా?" అని పలకరించి, మెత్తటి బ్రష్షుతో ఫ్యాను రెక్కల మీద దుమ్ము దులిపేది. ఆ పలకరింపు విన్నవాళ్ళు పెట్టిన పేరు అది. జీతాల పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా మిగల్లేదు.

ఆ కార్డులు నిజానికి తెర మీద బొమ్మలు చూపించడానికి పుట్టినవి. కానీ లెక్కల్లో వాటికి సాటి లేదు. ఎగువన ఏ కొండ మీద ఎంత వాన పడిందో వాటికి అప్పజెబితే, మూడు గంటలు ఏకబిగిన లెక్కకట్టి, రేపు ఎక్కడ వాన పడుతుందో, నది ఎన్ని అడుగులు లేస్తుందో చెబుతాయి. ఆ మూడు గంటలూ వాటి ఒళ్ళు కాగుతుంది. ఆ కాగడమే తంటా తెచ్చిపెట్టింది.

మంత్రిగారు పదవిలోకి వచ్చి వంద రోజులైన సందర్భంగా కేంద్రాన్ని చూడటానికి వచ్చారు. ఫొటో కోసం ఒక పెట్టె వెనక భాగం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. వేడిగాలి బయటికి వచ్చేది సరిగ్గా అక్కణ్ణుంచే. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్న క్షణమే ఫొటో పడింది. మర్నాడు ఒక పత్రిక ఆ ఫొటో వేసి, కింద "చేతులు కాల్చుకున్న మంత్రి" అని రాసింది. ఆయన మీద అప్పటికే రెండు విచారణలు నడుస్తున్నాయి కాబట్టి ఆ మాటను జనం ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు.

ఇంకొకరైతే ఆ పత్రిక మీద కోపం తెచ్చుకునేవారు. మంత్రిగారు సహృదయులు. ఆయన కోపం కార్డుల మీదికి మళ్ళించారు. "మనిషికి ముప్పై ఏడు దాటితే జ్వరమంటాం. యంత్రాలకు పెద్ద మనసుతో ఇంకో మూడు డిగ్రీలు ఇస్తున్నాం. నలభై దాటితే మాత్రం అది జబ్బే. జబ్బుపడ్డ యంత్రాలతో మన దేశం ముందుకు పోదు" అన్నారు. ఇంత సూటిగా ఆలోచించే మనిషి ఆ శాఖకు అంతకుముందెప్పుడూ దొరకలేదని అందరూ ఒప్పుకున్నారు.

"చల్లమ్మా, ఇప్పుడు మనవాళ్ళు ఎంతలో ఉన్నారు?" అన్నారు డైరెక్టరుగారు.

"డెబ్బై ఎనిమిది సార్."

"రేపటికి నలభై."

"కుదరదు సార్. పనిలో ఉన్న కార్డు డెబ్బైకీ ఎనభైకీ మధ్యనే ఉంటుంది. అది దాని ఆరోగ్యం. తొంభై దగ్గరికి వస్తే తనే నెమ్మదిస్తుంది. ఇంకా పైకి పోతే తనంతట తనే ఆరిపోతుంది. మనం భయపడాల్సింది ఏమీ లేదు."

"నేను కార్డుకి భయపడట్లేదమ్మా."

"తయారుచేసినవాళ్ళ పుస్తకంలో కూడా ఇదే రాసుంది సార్."

"పుస్తకం రాసినవాళ్ళకి మన దగ్గర ఓటుందా?"

చల్లమ్మ లేదంది.

"మరింకేం" అన్నారు డైరెక్టరుగారు. ఆయన చెడ్డవాడేం కాదు. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలలూ ఎవరి కంటా పడకుండా గడిపేయాలన్నది తప్ప ఆయనకు వేరే కోరికలు లేవు. "పోనీ మెల్లగా పనిచేయించు. నలభై దాటకుండా."

"చేయించొచ్చు సార్. రేపటి వరద సంగతి వచ్చేవారం చెబుతాయి."

డైరెక్టరుగారు ఆ మాటను కాసేపు నిజంగానే ఆలోచించారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే ఆమె మొగుడు అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు. అతను ఇరవై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. "ఇంజన్ కాగకుండా బండి నడపమంటే, నేను దిగి తోసుకుంటూ పోవాలి" అన్నాడు.

"నువ్వెందుకురా తోయడం? టిక్కెట్టు కొన్నవాళ్ళున్నారుగా" అంది అత్తగారు. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. నది ఒడ్డునున్న ఆ వీధిలో ఆవిడ మాట అంటే పోలీసులకన్నా ఎక్కువ జంకు. "అది సరే, ఆ మంత్రి చెయ్యి నయమైందా?"

"చేతికేం కాలేదత్తయ్యా. పరువుకే."

"అయితే నయమవదు" అని తేల్చేసింది ఆవిడ.

సోమవారం నాడు ఉత్తర్వు అమలు చూడటానికి ఉష్ణ నియంత్రణ ప్రత్యేక అధికారి దిగారు. ఆయన మంత్రిగారికి బావమరిది. అయితే ఆయన్ని ఎంచింది ఆ చుట్టరికం చూసి కాదని ఉత్తర్వులోనే ప్రత్యేకంగా రాశారు. అంతకుముందు ఆయన చేపల కోల్డు స్టోరేజీ సంస్థకు అధ్యక్షులు. ఆయన హయాంలో ఒక్క చేప కూడా చెడిపోలేదని పేరు. ఆ మూడేళ్ళలో స్టోరేజీలోకి ఒక్క చేప కూడా రాలేదన్నది వేరే సంగతి.

ఆయన చొక్కా జేబులో జ్వరం చూసే థర్మామీటరు ఉంది. దాన్ని తీసి, విదిలించి, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "కార్డు చంక ఎక్కడుంటుందమ్మా?" అని అడిగారు.

ఆ రోజు నుంచి ఆఫీసులో ఆయన పేరు జ్వరం సారు.

చంక లేదని తేలాక థర్మామీటరును వేడిగాలి వచ్చే చోట పెట్టి చూశారు. "నలభై రెండు! ఇంతేనా? రెండే డిగ్రీలు ఎక్కువ!"

"సార్, ఆ థర్మామీటరులో నలభై రెండు తర్వాత గీతలు లేవు" అంది చల్లమ్మ.

"గీతలు లేని చోటికి వేడి ఎలా పోతుంది?"

చల్లమ్మ బ్రష్షు తీసుకుని దుమ్ము దులపసాగింది. ఆయన దాన్ని తన మొదటి విజయంగా డైరీలో రాసుకున్నారు.

రెండో రోజు ఏసీ పదహారులో పెట్టించారు. గుమాస్తాలు స్వెట్టర్లు తెచ్చుకున్నారు. టైపిస్టు చేతులకు గ్లవుజులు వేసుకోవడంతో ఒకే ఉత్తరంలో నలభై తప్పులు వచ్చాయి. డైరెక్టరుగారు దుప్పటి కప్పుకుని ఫైళ్ళు చూశారు. సాయంత్రానికి కార్డులు డెబ్బై ఒకటికి దిగాయి. వాటికి తప్ప ఆఫీసులో అందరికీ జలుబు చేసింది.

మూడో రోజు జ్వరం సారు పెట్టె వెనక చాలాసేపు చెయ్యి పెట్టి నిలబడ్డారు. ముఖంలో ఏదో వెలిగింది.

"చల్లమ్మా, ఈ వేడిగాలి ఊదుతున్నది ఎవరు?"

"ఫ్యాన్లు సార్."

"అంటే వేడికి కారణం?"

"అయ్యో, అవి లోపలి వేడిని బయటికి పంపుతున్నాయి సార్."

"ఆ వెనకేసుకు రావడమే వద్దు. ఆపండి."

ఆమె ఆపనంది. ఆయన డైరెక్టరుగారికి ఫోన్ చేశారు. డైరెక్టరుగారు దుప్పట్లోంచే సరే అన్నారు. ఫ్యాన్లు ఆగాయి. పదిహేనేళ్ళలో మొదటిసారి ఆ గదిలో చడీచప్పుడూ లేదు. చల్లమ్మ తెర ముందు నిలబడి అంకెలు చూస్తోంది. ఎనభై రెండు, ఎనభై తొమ్మిది, తొంభై ఆరు... కన్నబిడ్డ గోడ మీద నడుస్తుంటే కింద నిలబడ్డ తల్లిలా ఉంది ఆమె ప్రాణం. ఇంకో నిమిషానికి ఎనిమిది కార్డులూ ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే ఆరిపోయాయి. తెర నల్లబడింది.

"చూశారా సార్? ఆరిపోయాయి."

జ్వరం సారు వినలేదు. ఆయన అక్కడే కుర్చీ వేసుకుని, అయిదు నిమిషాలకోసారి థర్మామీటరు విదిలించి పెట్టి చూడసాగారు. అరగంటకల్లా ముప్పై ఎనిమిది చూపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దిగింది చల్లమ్మా! జ్వరం దిగింది!"

"పనిలేదు కాబట్టి దిగింది సార్" అంది ఆమె ఒళ్ళు మండి. "ఊరికే కూర్చుంటే ఎవరైనా చల్లగానే ఉంటారు."

జ్వరం సారు ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఇంత రహస్యం పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పరేం?" అన్నారు.

ఆ రోజు నుంచి కార్డులకు కరెంటు ఇచ్చారు, పని ఇవ్వలేదు. పెట్టెకొక కాగితం అట్టకు బిగించి వేలాడదీశారు. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం అయిదుకు జ్వరం సారు స్వయంగా వచ్చి థర్మామీటరు పెట్టి, కాగితం మీద అంకె వేసేవారు. ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది. ఆ గీత ఎంత తిన్నగా ఉందంటే మంత్రిగారు దాన్ని అసెంబ్లీలో పైకెత్తి చూపించారు. సభ్యులు బల్లలు చరిచారు.

మరి రోజూ ఇవ్వాల్సిన నది బులెటిన్ మాటేమిటని చల్లమ్మ అడిగింది.

"నిన్న ఏం ఇచ్చాం?" అన్నారు డైరెక్టరుగారు.

"నది మామూలుగా ఉందని."

"నదికి మార్పు ఇష్టముండదమ్మా. అదే ఇవ్వు."

నెలా ఇరవై రోజులు నది మామూలుగానే ఉంది. ఎండాకాలం కాబట్టి ఆ మాట నిజం కూడా అయింది. దానితో బులెటిన్ ఇదివరకటికన్నా కచ్చితంగా ఉంటోందని మెచ్చుకుంటూ శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

తర్వాత ఎగువన వానలు మొదలయ్యాయి.

కొండల మీది వాన లెక్కలు రోజూ చల్లమ్మ బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. మొదటి రోజు చూసి పక్కన పెట్టింది. రెండో రోజు రెండుసార్లు చూసింది. మూడో రోజు ఆమెకు అన్నం సహించలేదు.

"ఏమైందే, ముద్ద దిగడం లేదు?" అంది అత్తగారు.

"పైన బాగా పడుతోందత్తయ్యా."

"వంతెన కింద నీళ్ళు రంగు మారాయి" అన్నాడు మొగుడు. "మీ కాగితంలో ఏమో మామూలు అని రాశారు."

ఆ కాగితం రాసింది తనే. చల్లమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు ఒంటిగంటకు జ్వరం సారు వచ్చి, ముప్పై ఎనిమిది వేసి, భోజనానికి ఇంటికి వెళ్ళారు. ఆయన మళ్ళీ వచ్చేది అయిదుకి. చల్లమ్మ మెషీన్ల గది తలుపు లోపల గడియ పెట్టింది. మూడు రోజుల వాన లెక్కలూ కార్డులకు అప్పజెప్పింది. ఆపేసిన ఫ్యాన్లు మళ్ళీ వేసింది. అవి ఒక్కసారి ఊపందుకున్నాయి. కార్డులు నలభై దాటాయి, అరవై దాటాయి, డెబ్బై ఎనిమిది దగ్గర నిలబడ్డాయి. చాలా రోజుల తర్వాత పని దొరికిన పనివాళ్ళలా ఉంది వాటి చప్పుడు. ఆమె బ్రష్షు పట్టుకుని పక్కనే కూర్చుంది. గుమ్మం ముందు అడుగుల చప్పుడైనప్పుడల్లా గడియ వైపు చూసింది.

నాలుగుంపావుకి లెక్క తేలింది. అయిదుకి జ్వరం సారు వచ్చేసరికి కార్డులు చల్లబడి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి. ఆయన ముప్పై ఎనిమిది వేసి, "శెభాష్" అని వెళ్ళిపోయారు.

చల్లమ్మ కాగితం పట్టుకుని డైరెక్టరుగారి గదికి పరిగెత్తింది.

"సార్, రేపు మధ్యాహ్నం పన్నెండుకి నది పద్నాలుగు అడుగులకు వస్తుంది. పదకొండు దాటితేనే ఒడ్డు వీధులు మునుగుతాయి. మన కింది అంతస్తులోకి కూడా మోకాలి పైదాకా నీళ్ళు వస్తాయి. ఇప్పుడే హెచ్చరిక ఇవ్వాలి."

డైరెక్టరుగారు కాగితం తీసుకోలేదు. "ఇది ఎలా తెలిసింది?"

"కార్డులు చెప్పాయి సార్."

"ఎంత దగ్గర చెప్పాయి?"

"డెబ్బై ఎనిమిది."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "డెబ్బై ఎనిమిది దగ్గర తెలిసిన సంగతి ప్రభుత్వానికి చెల్లదమ్మా. ఈ కాగితం బయటికి పోతే ముందు అడిగేది వరద సంగతి కాదు, వేడి సంగతి. నలభైలోపల తెలుసుకునిరా. నేనే సంతకం పెడతాను."

"నలభైలో అయితే ఎనిమిది రోజులు పడుతుంది సార్. వరద రేపు."

"వరదకి తొందరెక్కువ. నేనేం చెయ్యను?" అన్నారాయన. అని, కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి అటు తిరిగే, "మీ ఇల్లు ఒడ్డు వీధిలోనేగా?" అన్నారు.

"అవును సార్."

"ఇవాళ తొందరగా ఇంటికి వెళ్ళు" అన్నారు. ఆ ఎనిమిది నెలల్లో ఆయన చూపిన తెగువ మొత్తం అదే.

చల్లమ్మ ఇంటికి వెళ్ళలేదు. బస్సు డిపోకి వెళ్ళింది. మొగుడు డ్యూటీ దిగి చెయ్యి కడుక్కుంటున్నాడు. పక్కన ఇంకో అయిదుగురు డ్రైవర్లున్నారు. ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"ఇది నీ మాటా, కార్డుల మాటా?" అన్నాడు మొగుడు.

"కార్డుల మాట."

"ఎంత కాగి చెప్పాయి?"

"డెబ్బై ఎనిమిది."

"అయితే నమ్మొచ్చు" అన్నాడు అతను తక్కిన డ్రైవర్ల వైపు తిరిగి. "ఇంజన్ సరిగ్గా పనిచేసింది." వాళ్ళూ తలలూపారు. ఆ రాజ్యంలో ఆ రోజు ఆ కార్డుల ఉష్ణోగ్రత విని ఊరట పడింది ఆ ఆరుగురే.

ఆ మాట రాత్రికి డిపో అంతా పాకింది. తెల్లవారుతూనే పది బస్సులు ముందు "స్పెషల్" అని బోర్డు పెట్టుకుని ఒడ్డు వీధుల్లోకి వచ్చాయి. వీధి మొత్తాన్ని లేపే పని అత్తగారు తీసుకుంది. చేతికర్రతో ప్రతి తలుపూ బాదింది.

"రేడియోలో ఏం చెప్పలేదుగా పిన్నీ?" అన్నాడు పళ్ళు తోముకుంటున్న దర్జీ.

"రేడియో మునిగాక చెబుతుందిరా. మిషను ఎత్తు, బస్సెక్కు."

"మా ఆయన ఉత్తర్వు లేకుండా కదలనంటున్నాడు" అంది గుమాస్తా పెళ్ళాం.

"ఉత్తర్వు నేనిస్తున్నానని చెప్పు" అంది అత్తగారు. గుమాస్తా కదిలాడు.

ఆ రోజు ఆదివారం, ఆఫీసుకు సెలవు. ఏడింటికి చల్లమ్మ, ఆమె మొగుడు కేంద్రానికి వచ్చారు. వాచ్‌మన్ గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంత పొద్దున్నే లోపలికి పర్మిషన్ ఉందామ్మా?"

"నీళ్ళకుందా?" అంది చల్లమ్మ.

వాచ్‌మన్ ఆలోచించి గేటు తీశాడు. తీసి, తనూ చెయ్యి వేశాడు. పెట్టెల్ని ఇనప చట్రాలకు బిగించేశారు, అవి కదలవు. అందుకని చల్లమ్మ ఒక్కో పెట్టె మూత విప్పి, ఎనిమిది కార్డుల్నీ బయటికి తీసి, తువ్వాళ్ళలో చుట్టి ఇచ్చింది. ముగ్గురూ కలిసి వాటిని రెండో అంతస్తులో పాత రికార్డుల గదికి చేర్చారు. అక్కడ మూలనపడి ఉన్న రెండు పాత మెషీన్లలో ఆమె వాటిని అమర్చింది. కింది పెట్టెలకు మళ్ళీ మూతలు బిగించి, వేలాడుతున్న కాగితాలు తడవకుండా పైకి మడిచి, మెయిన్ స్విచ్ ఆపి బయటపడ్డారు.

వరద పన్నెండున్నరకి వచ్చింది. అరగంట తప్పు వచ్చినందుకు చల్లమ్మ నొచ్చుకుంది.

ఇళ్ళలో నడుముల దాకా నీళ్ళు నిలిచాయి. రెండు గోడలు కూలాయి. దర్జీ మిషను దక్కింది, బట్టలు పోయాయి. మనిషి మాత్రం ఒక్కడూ పోలేదు. బస్సు డిపోలో నాలుగు వందలమంది వరసగా కూర్చుని, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఒకరికొకరు చెప్పుకున్నారు. అత్తగారికి ఆ రోజు జన్మలో ఎన్నడూ లేనంతమంది దణ్ణాలు పెట్టారు. ఆవిడ కోడల్ని చూపించి, "నాక్కాదు, దానికి పెట్టండి" అంది. తర్వాత కాసేపాగి, "నాక్కూడా పెట్టొచ్చు" అంది.

మూడో రోజు మంత్రిగారు విలేకరులతో మాట్లాడారు. ముందస్తు సమాచారం ఇవ్వకుండా వచ్చిన నది తీరును ఖండించారు. ఇకపోతే, ప్రభుత్వం హెచ్చరించకుండానే నాలుగు వందలమంది ఇళ్ళు ఖాళీ చేయడం వెనక ఎవరి హస్తం ఉందో తేల్చడానికి విచారణకు ఆదేశించారు. ఇలా అనుమతి లేకుండా ఎవరికివారు ప్రాణాలు కాపాడుకుంటూ పోతే ప్రభుత్వం ఎందుకని అడిగారు. విలేకరులు ఆ ప్రశ్నను కూడా రాసుకున్నారు.

చల్లమ్మ ఆ వార్త చదివి పేపరు మడిచి పెట్టింది. మర్నాడు జ్వరం సారుకి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకుంది. ఎటూ ఉద్యోగం పోతుంది, తను చెప్పి పోగొట్టుకుంటే కనీసం పరువు దక్కుతుంది.

మర్నాడు జ్వరం సారు బూట్లు చేత్తో పట్టుకుని, బురదలో అడుగులు వేసుకుంటూ మెషీన్ల గదిలోకి వచ్చారు. శాఖవాళ్ళు ఆయనకు కొత్త థర్మామీటరు పంపారు. పళ్ళెమంత గుండ్రంగా, సున్నా నుంచి నూట యాభై దాకా గీతలతో ఉంది. దాన్ని మొదటి పెట్టె మీద పెట్టారు.

"సార్, ఆ పెట్టెల్లో అసలు..." అంది చల్లమ్మ.

"మాట్లాడకండి." ఆయన ముల్లు వైపు వంగి చూశారు. రెండో పెట్టె మీద పెట్టారు. మూడో దాని మీద పెట్టారు. నిటారుగా లేచి నిలబడ్డారు. "ఇరవై నాలుగు."

"సార్, నేను చెప్పేది..."

"ఇరవై నాలుగు చల్లమ్మా! వరద వచ్చిపోయినా! ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?" ఆయన గుమ్మంలో నిలబడ్డ డైరెక్టరుగారి వైపు తిరిగారు. "ఎలా సాధించారు?"

డైరెక్టరుగారు చల్లమ్మను చూశారు. పెట్టెలను చూశారు. తర్వాత పైకప్పు వైపు చూశారు. ఆ పైనున్న రికార్డుల గది కిటికీలోంచి నిన్నటి నుంచీ వేడిగాలి వస్తోందని ఆయనకు తెలుసు.

"సమష్టి కృషి సార్" అన్నారు.

జ్వరం సారు ఫోన్ చేయడానికి బయటికి పరిగెత్తారు.

ఆ తర్వాత రోజూ చల్లమ్మ పొద్దున పెట్టెల ముందు అటెండెన్సు ఇచ్చి, మధ్యాహ్నం మెట్లెక్కి రికార్డుల గదికి పోయేది. పైన డెబ్బై ఎనిమిది, కింద ఇరవై నాలుగు. కిందిది పేపర్లలో వచ్చేది. పైన తేలిన లెక్క సాయంత్రం డిపోలో డ్రైవర్లకు చేరి, అక్కణ్ణుంచి ఏ బస్సు ఎటుపోతే అటు పోయేది. విచారణ సంఘం ఒకసారి బస్సులో ప్రయాణించి, ఖాళీ చేసినవాళ్ళు గాలివాటంగా ఖాళీ చేశారని నివేదిక ఇచ్చింది.

నెల తిరక్కుండా అభినందన సభ పెట్టారు. వేరే కేంద్రాల నుంచి నలభై ఇద్దరు డైరెక్టర్లు నోటుపుస్తకాలతో వచ్చారు. ఆవరణలో వేదిక కట్టారు. మంత్రిగారు కారు దిగి, వేదికెక్కకుండా తిన్నగా మెషీన్ల గదికి నడిచారు.

"అందరూ బయట ఉండండి" అన్నారు. "ఈ అమ్మాయి ఒక్కతే లోపలికి రావాలి."

తలుపు మూశారు. చల్లమ్మకు పదిహేనేళ్ళ ఉద్యోగం, మొగుడు, వాచ్‌మన్, డైరెక్టరుగారి రిటైర్మెంటు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మంత్రిగారు మొదటి పెట్టె దగ్గరికి వెళ్ళి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టారు. అది ఖాళీ డబ్బాలాగే పలికింది. ఆయన తలూపి, ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"రేపు సాయంత్రం మైదానంలో మా మహాసభ అమ్మా. లక్షమంది వస్తారు. వాన పడుతుందా?"

"సార్... నది మామూలుగానే..."

"ఆ బులెటిన్ నాకెందుకు? నేను రాయించిందేగా." ఆయన వేలు పైకప్పు వైపు చూపించింది. "వాటిని అడుగు."

చల్లమ్మ తలెత్తి పైకప్పు చూసింది. తర్వాత, డిపోలో అడిగినవాళ్ళకు చెప్పినట్టే చెప్పింది. "మూడు గంటలు పడుతుంది సార్. డెబ్బై ఎనిమిది దగ్గర."

"అంతసేపా?" మంత్రిగారు వాచీ చూసుకున్నారు. "తొంభై దాకా కాగనివ్వు, ఫర్వాలేదు. ఒంటిగంటకల్లా నాకు తెలియాలి."

ఆయన తలుపు తీసుకుని బయటికి నడిచారు. వేదిక ఎక్కారు. మైకు సరిచేసుకున్నారు. ఈ కేంద్రం సాధించిన ఇరవై నాలుగును దేశమంతా చూసి నేర్చుకోవాలన్నారు. అయితే ఇక్కడితో ఆగిపోయే ప్రభుత్వం కాదు తమదన్నారు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి పరిమితి ఇరవై డిగ్రీలని ప్రకటించారు.

అందరికన్నా ముందు జ్వరం సారు లేచి చప్పట్లు కొట్టారు. నలభై ఇద్దరు డైరెక్టర్లు నోటుపుస్తకాల్లో ఇరవై అని రాసుకున్నారు. చప్పట్లు ఇంకా మోగుతుండగానే చల్లమ్మ మెట్లెక్కింది.